పొందూరు వరుస యిండ్లు: జీర్ణోద్ధరణము, విస్తరణము



మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు నీ సంచికకు పొందూరు నేతవారి యిండ్లను గూర్చి కొంత చరిత్ర వ్రాయుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. పొందూరు ఖద్దరును గూర్చి వ్రాసినవా రనేకులు. ఆ ఖద్దరు పుట్టిన యింటిని గూర్చి వ్రాసినవా రరుదు. ఆ కొఱత తీర్చుట మా శక్తికి మించినదే. అయినను ఇప్పుడు మన యెదుట నున్న యొక చిక్కు ప్రశ్నవలన ఈ పనికి బూనుకొంటిమి. నేతవీథిలోని పాత పెంకుటింటి నొకదానిని బాగుచేసి, దానికి కొంత చేర్చి పెంచవలెనని యింటివారు తలపెట్టిరి. దాతలు కొందఱు ద్రవ్యసహాయమునకు సిద్ధముగ నున్నారు. ఎట్లు చేయవలెనో, ఎంత చేయవలెనో, అసలు చేయదగునో కాదో చెప్పుడని మన సంఘమును అడిగిరి. ఆ యింటివారి పేరు ఇచట అనవసరము. వారి చిక్కే రేపు వీథిలోని ప్రతి యింటివారికిని రాగలదు.

శ్రీకాకుళ విజయనగర మండలములందలి పాతగ్రామములలో నడచువారికి ఒక విశేషము వెంటనే కానవచ్చును. గోదావరి మండలములందువలె నాలుగు ప్రక్కల ఖాళీస్థలము విడిచి, నడుమ మండువా పెట్టి కట్టిన లోగిళ్లు ఇచట తక్కువ. వీథికి రెండుప్రక్కల ఇండ్లు ఒకదాని నొకటి యంటుకొని, ఊరంతయు నొకే చూరుక్రింద నున్నదా యనునట్లు బారులు తీరియుండును. రెండిండ్లకు నడుమ గోడ యొక్కటే. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. వీథి యరుగు, దానివెనుక పంచ, ఆపైని నడిమి యిల్లు, పిదప వంటిల్లు, కడపట పెరడు. వీథిగుమ్మమున నిలువబడి చూచిన తిన్నగా పెరటి వెలుతురు కనబడును. అన్నదమ్ములు పంచుకొన్నప్పుడు ఇల్లు నిలువునా చీలి రెండగుటయు కలదు. అప్పుడు వెడల్పు మఱింత తగ్గును గాని పొడవు తగ్గదు, వీథిలో వాటా పోదు. ఒకరింట నిప్పంటుకొన్న వరుస యంతయు అంటుకొను భయముచేత తాటాకు కప్పు పోయి పెంకు వచ్చినది. కప్పు మాఱినను వరుస మాఱలేదు.

నేతకులములవారికి ఈ వరుస మఱియొక కారణముచేత నచ్చినది. మగ్గము ఇంటిలోపల నుండునుగాని నేతపని యంతయు ఇంటిలోపల జరుగదు. ఆసు పోసిన పడుగును నిడుపుగా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, పోగు పోగునకు అంటుకొనకుండ ఆరబెట్టవలెను. దానికి చాలినంత నిడుపుగల గది ఏ రాజుగారి మేడలోను లేదు. అందుచేత వీథియే మన గది. తెల్లవాఱుజామున ఎండ ముదురకముందు, తిన్నని వీథిలో పడుగు చాపి, ఇరుగుపొరుగువా రందఱును చేయివేయుదురు. వీథి వంకరయైన పడుగు సాగదు. అరుగులు ముందునకు చొచ్చుకొని వచ్చిన కుంచె పట్టినవాడు నడువలేడు. ఒకరి యరుగు హద్దు దాటకుండ పొరుగువారు చూచుచుండిరన్న, అది కేవలము కలహప్రియత్వము గాదు.

ఇంక లోపల. గుంట మగ్గము నేలను తవ్వి పెట్టునది. నేయువాడు గుంటలో కాళ్లు దించుకొని నేలమట్టమునకు దగ్గఱగ కూర్చుండును. మట్టినేల, మందపు మట్టిగోడ, క్రిందికి వాలిన కప్పు — ఇవి చూచి నవనాగరికులు చీకటి కొట్టమందురు. సన్నని నూలునకు తడి గాలి ప్రాణము. గాలి పొడిబాఱిన పోగు తెగును. ఆ చీకటియే నూలునకు చలువ. సన్నపు నూలు నేయు ఊరిలో గది ఎత్తు తగ్గించి కట్టుట లేమిచేత మాత్రమే కాదని మా తలంపు.

పొందూరున నూలు వడుకుటలో పట్టుసాలి స్త్రీలును, నేతలో దేవాంగులును పేరు గన్నవారు. కొండప్రత్తి, ఎఱ్ఱప్రత్తి గింజతోకూడ తీసికొని, వాలుగచేప దవడయెముకతో దువ్వి, పీచు చక్కబఱచి, చిన్నపలకమీద సన్నని కఱ్ఱతో గింజ వేఱుచేసి, వింటితో ఏకి, ఏకులు చేసి, దుమ్ము సోకకుండ ఎండిన అరటిదొప్పలో దాచి, ఒంటికదురు రాట్నముమీద వడుకుదురు. నూఱు నంబరు నూలు వచ్చును. ఇంగ్లీషు లెక్కలో ఒక చిలుపకు 840 గజములు. ఒక పౌనులో నూఱు చిలుపలు తూగినచో అది నూఱు నంబరు. అనగా ఒక పౌను ప్రత్తి 84,000 గజముల పోగగును! ఈ పని యంతయు పంచలోను అరుగుమీదను జరుగును. అరుగు వేయుటలో వెలుతురు ప్రక్కనుండి రాట్నముమీద పడునట్లు చూచుకొన్నది ఏ ఇంజనీరును గాడు.

మహాత్ముడు ఈ నూలు సన్నదనమును విని, తన కుమారుడగు దేవదాసు గాంధిని పొందూరునకు పంపిన సంగతి సుప్రసిద్ధము. ఆ తరువాత పొందూరు ఖద్దరు దేశనాయకుల భుజములమీది కెక్కెను. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘము పొందూరున నేర్పడెను. 1955లో భూదానయాత్ర చేయుచు వచ్చిన వినోబా భావేగారు ఆ సంఘ భవనమునకు శంకుస్థాపనము చేసిరి. ఆ భవనమును అందఱు నెఱుగుదురు, వచ్చినవారికి చూపుదురు. కాని దేవదాసు చూడవచ్చినది భవనమును గాదు. అప్పటికి భవనమే లేదు. ఆయన చూచినది అరుగుమీద రాట్నమును, గుంటలో మగ్గమును. అట్టి అరుగులు, అట్టి గుంటలు ఎన్ని మిగిలెనో లెక్క పెట్టుట కెవరికిని తీఱిక కలుగలేదు.

ఇప్పుడు ప్రస్తుతమునకు వత్తము. సంఘము కోరినమీదట మేము నలుగురము ఆ యింటికి పోతిమి. మాలో నొక్కరు సున్నపుపని యెఱిగిన ముదుసలి తాపీమేస్త్రి. ముందరి కప్పు బెంగుళూరు పెంకు, వెనుకకప్పు నాటుపెంకు. బెంగుళూరు పెంకని మనము పిలుచునది నిజమునకు మంగుళూరు పెంకు. బాసెల్ మిషనువారు 1865లో అచట పెంకుల కార్ఖానా పెట్టిరి. మన ప్రాంతమున రైలుదారి పడినది 1890 తరువాత. కాబట్టి ముందరికప్పు అంతకు పూర్వపుది కాజాలదు. వెనుకటి నాటుపెంకు దానికంటె పాతదై యుండవచ్చును. ఇల్లు తన వయస్సును తానే ఇట్లు చెప్పుకొనును, అడుగువా రుండవలెనేగాని. తాటిదూలములు నడుమ గట్టిగ నున్నవి. గోడలో దిగిన కొనలుమాత్రము చెదలు తిన్నది. గోడ అడుగున మోకాలెత్తువఱకు చెమ్మ యెక్కినది. మగ్గపుగుంట లేదు! నేలమీద సిమెంటు పోసియున్నారు. ఐనను ఆ సిమెంటులో దీర్ఘచతురస్రముగ నొక బీట కనబడెను. గుంట కప్పబడినదేగాని పోలేదు.

ఆ యింటి పెద్దమ్మగారు మా కొలతలను కొంతసేపు చూచి యిట్లనిరి: “మీకది పాతిల్లు బాబూ, మాకు కారిపోతన్న యిల్లు. వానొస్తే గిన్నెలెక్కడెక్కడ పెట్టాలో మా మనవరాలికి కూడా తెల్సు.” ఈ మాటకు మావద్ద ప్రత్యుత్తరము లేకపోయెను. పాతయిండ్ల గొప్పను గూర్చి వ్రాయువారు తఱచుగ మేడలలో కాపుర ముండువారే యగుట మాకును తెలియును. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి పోయినవి. పెంకు లెగిరిన రాత్రి పిల్లల నెత్తుకొని గోడమూల నక్కినవారికి స్లాబు వేసిన యిల్లు కావలెనని కోరిక పుట్టుట తప్పుగాదు. ప్రభుత్వమువారి గృహనిర్మాణ పథకములు కూడ మట్టిగోడను కచ్చాయని వ్రాసికొనును. కావున ఇల్లు ఉన్నదున్నట్లు ఉంచుడని మేము చెప్పజాలము.

మా తప్పొకటి యిచట ఒప్పుకొనవలసియున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట వేఱొక వీథిలో, ఇట్టి యింటికే, చెమ్మ యెక్కినదని సిమెంటు పూత వేయుడని సలహా చెప్పినవారము మేమే. పూత అందముగ కుదిరినది, మెచ్చుకొంటిమి. రెండు వర్షాకాలములు గడచినపిదప ప్రక్కయింటివారి గోడ ఉబ్బి పెచ్చులూడెను. మట్టిగోడ నేలనుండి పీల్చిన తడిని పైకి విడిచి ఆఱును. గానుగ సున్నమైన ఆ యావిరిని పోనిచ్చును, సిమెంటు పోనీయదు. ఒక ముఖము మూసినచో తడి రెండవముఖము వెదకికొనును. ఆ రెండవముఖము పొరుగువారిది. వరుసయింటిలో తన గోడ యనునది లేదని మేము పుస్తకమువలనగాక పొరుగువారి చీవాట్లవలన నేర్చుకొంటిమి.

జీర్ణోద్ధరణమను మాట మనకు క్రొత్తదిగాదు. దేవాలయముల విషయమున మన పూర్వులు దానిని మహాపుణ్యముగ నెంచిరి; మయమతమను వాస్తుగ్రంథమున అనుకర్మమను పేర దానికొక ప్రత్యేకాధ్యాయమే కలదు. కాని జీర్ణమైనదానిని ఉద్ధరించుట యనగా క్రొత్తది చేయుటయా, పాతది నిలుపుటయా యను వివాదము పశ్చిమదేశములందు గట్టిగ సాగినది. ఇంగ్లాండులో టూక్స్‌బరీ మఠాలయమును గిల్బర్ట్ స్కాట్ అను ప్రసిద్ధశిల్పి ‘బాగుచేయ’ బూనినప్పుడు, 1877లో విలియం మారిస్ అనునతడు పత్రికలో నెదిరించి వ్రాసి, ఆ సంవత్సరమే పురాతన భవన రక్షణమునకొక సంఘమును స్థాపించెను. పాతగోడలను గీకి క్రొత్తవానివలె చేయుట ఉద్ధరణము గాదు, చరిత్రను చెఱుపుట యని అతని వాదము. ఈ మారిస్ ఎవరని మన చదువరులు అడుగవచ్చును. అతడు కవి, అంతకుమించి నేతగాడు. 1879లో హామర్‌స్మిత్‌లోని తన పడకగదిలోనే మగ్గము పెట్టుకొని చిత్రకంబళ మొకటి స్వయముగ నేసెను. నీలిమందు అద్దకము నేర్చుకొనుటకై అద్దకపుతొట్లలో చేతులు ముంచి నీలివర్ణపు చేతులతో తిరిగెను. పాతయింటిని గీకవద్దని గట్టిగ నన్నవాడు ఇంటిలో మగ్గమున్నవాడగుట మాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

మనదేశమున 1904లో పురాతన కట్టడముల రక్షణ చట్టము వచ్చెను. 1923లో సర్ జాన్ మార్షల్ ఆ పనికొక కరదీపిక వ్రాసెను. 1958లో కేంద్రచట్టమును, 1960లో రాష్ట్రచట్టమును వచ్చినవి. వీనివలన ముఖలింగపు గుడులు, శాలిహుండపు స్తూపములు రక్షింపబడినవి. నేతగాని యిల్లు ఈ చట్టముల కంటికానదు. 1984లో స్థాపింపబడిన ఇంటాక్ సంస్థవారు చట్టము కప్పని కట్టడములను పట్టికలకెక్కించు పని చేయుచున్నారు. కాని పట్టికలో పేరుండుట వేఱు, కప్పు నిలుచుట వేఱు. కావున సొంతయింటిని ఏమిచేసినను అడ్డుపెట్టు అధికారి లేడు. అడుగువార మెవరమన్న, సాటి వరుసవారము, సాటి కులమువారము.

ఇచటనే నిష్పక్షపాతపరీక్ష యవసరము. ఇంటివారు గదులు పెంచగోరుదురు. కంట్రాక్టరునకు సిమెంటెంత పట్టిన నంత లాభము. దాతకు తన పేరు చెక్కిన శిలాఫలకము గుమ్మముమీద కావలెను. దాతలు మమ్ము క్షమింతురుగాక. సంఘమునకు మీటింగు జరుపుకొనుట కొక హాలు కావలెను. ఇందఱిలో నెవ్వరును దుర్మార్గులు కారు, ఎవ్వరి మాటయు తప్పు గాదు. కాని ఎవ్వరికిని ఇంటి యెడల మాత్రమే దృష్టి లేదు. నూలు సన్నదని వడికినామె చెప్పును, ముతకయని కొనువాడు చెప్పును. తక్కెడ మాత్రము ఇరువురి ముఖమును చూడదు. ఇంటికి నట్టి తక్కెడ కావలెను. 1979లో ఆస్ట్రేలియావారు బుర్రా యను ఊర కూడి యేర్పఱచుకొన్న నియమములలో మొదటిపని ఇదియే: కట్టడమునం దేది విలువయైనదో ముందు తెలిసికొని వ్రాసిపెట్టి, ఆ పిమ్మట చేయి పెట్టవలెను, చేయవలసినంతయు చేయవలెను, అంతకు మించి చేయరాదు. పరీక్షించువాడు పనిలో కూలియో లాభమో పొందరాదు. అందుచేత మేము సైతము తుదితీర్పు చెప్పదగినవారము గాము. హాలు కోరినవారిలో మేమును ఉంటిమి గదా.

కావున ఊరితో సంబంధము లేని యొక వాస్తుశిల్పినిని పిలిపింపవలెనని తీర్మానించి, ఆమెకు చూపుటకై మా పరిశీలనమును వ్రాసిపెట్టితిమి. ఆమె రెండురోజు లుండి, ఒక్క మా యింటినే చూడక, ఎడమ కుడి వైపుల మూడేసి యిండ్లను, వీథి నడకను, వర్షపునీరు దిగు వాటమును చూచెను. మేము పైకప్పునే చూచితిమి; ఆమె మొదట కాలువను చూచెను. చెమ్మకు కారణము కప్పుగాదని, వీథి రోడ్డు పలుమాఱులు ఎత్తుచేయబడి అరుగుకంటె పైకి వచ్చుటచే నీరు గోడమొదట నిలుచుచున్నదని తేలినది. ఇంత చిన్నసంగతి మాకు తోచకపోవుటకు సిగ్గుపడితిమి.

పెంపు విషయమున ఇంటివారి కోరిక మేడ. ఆమె మేడ వద్దనెను. మట్టిగోడ పై అంతస్తు బరువు మోయలేదు గాన లోపల కాంక్రీటు స్తంభములు దింపవలసివచ్చును. దింపుటకు ఉమ్మడిగోడ మొదట తవ్వవలెను. వరుస కప్పు అంతయు నొక్కటిగ పోవుచున్నప్పుడు నడుమ నొకటి పైకి లేచిన, దానిగోడను తాకిన వాననీరు పొరుగుకప్పుమీద పడును. కప్పు తెగిన యంచు తుపానుగాలికి తొలి ద్వారమగును. ఇవి అందముయొక్క మాటలు కావు, లెక్కలమాటలు. పెంచుటకు చోటు వెనుక నున్నది.

ఇంగ్లాండులోని బాత్ నగరమున రాయల్ క్రెసెంట్ అను ముప్పదియిండ్ల వరుస కలదు. 1767 మొదలు 1774 వఱకు చిన్న జాన్ వుడ్ కట్టించినది. వీథివైపు ముప్పదియు నొక్క కొలత, నొక్క రూపు. వెనుకకు పోయి చూచినచో ఒక్కటి యొక్కటివలె నుండదు. ముందరిముఖమును మాత్రము వుడ్ నిర్ణయించెను; దానివెనుక ఎవరిల్లు వారు తమయిచ్చ వచ్చినట్లు కట్టుకొనిరి. రెండువందల యేండ్లు దాటినను ఆ యొడంబడిక నిలిచియున్నది. మన వీథిలో పడుగు చాపుకొనుటకై అరుగు హద్దు కాచుకొన్నవారికి ఈ న్యాయము పరాయిది గాదు.

ఆ వాస్తుశిల్పిని సూచించినది ఇట్టిది. ముందరి అరుగు, పంచ, నడిమియిల్లు చెడినంతమేర మాత్రము బాగుచేయవలెను. తినిన దూలపుకొనలు కోసి అతుకు వేయవలెను, దూలమంతయు మార్చరాదు. సిమెంటుపూత గీకి గానుగసున్నము పూయవలెను. గుంటను మరల తెఱవవలెను. పెరటిలో వేఱుగోడలమీద, పాతగోడల నంటకుండ, నడుమ కొంత ఆకాశము విడిచి, వంటిల్లు, స్నానపుగది, రెండు పడకగదులు కట్టవలెను. ఆ క్రొత్తకట్టడము క్రొత్తదిగనే కనబడవలెను, పాతదానికి వేషము వేయరాదు. 1964 నాటి వెనిస్ నియమములును ఇట్లే చెప్పుచున్నవి. ముసలమ్మగారికి స్లాబు క్రింద పొడిగదియు దొరకును, మగ్గమునకు చలువగదియు మిగులును.

ఇందులో సంఘము కోరిన హాలు లేదు. దీనికి కొందఱు పెద్దలు నొచ్చుకొనిరి. వారి మాటయు వినదగినదే: మగ్గమే ఆగిపోవుచున్న కాలమున మగ్గపుగుంట నెవరికొఱకు తెఱచుట? మలయాదేశములోని పినాంగున జార్జిటౌన్ నగరపు వరుసయిండ్లు 2008లో ప్రపంచ వారసత్వపు పట్టిక కెక్కినవి. కాని అద్దెలను నియమించు పాతచట్టపు రక్షణ 2000 ప్రారంభముతో తీఱిపోగా, తరతరములుగ అచట నున్న అద్దెవా రనేకులు అప్పటికే వెడలిపోవలసివచ్చెను. ఇండ్లు చక్కబడినవి, పలుచోట్ల కాఫీకొట్లు వెలసినవి. మన విశాఖ గంజాం మండలములనుండి మలయా తోటలకు పోయినవారి సంతతివారు ఆ దేశమున కలరు. వారి నడిగిన చెప్పుదురు. ఇల్లు నిలిచి ఇంటివారు పోయిన దానిని వారసత్వమని మేమనజాలము. అందుచేత దాతలిచ్చు ద్రవ్యమునం దొకభాగము కప్పునకుగాక మగ్గమునకు, నూలునకు పోవలెనని మేము కోరితిమి. ఇంటి పెద్దకుమారుడు శ్రీకాకుళమున ఉద్యోగి. చిన్నవాడు నేయుట యెఱిగినవాడు, ఇప్పుడు వేఱుపనిలో నున్నాడు. గుంట తెఱచినచో కూర్చుందునని మాతో నన్నాడు. కూలి గిట్టినచో నని కూడ అన్నాడు.

శిలాఫలకమును గూర్చి దాతలలో నొక్కరు ఉదారముగ, పెరటి క్రొత్తగోడమీద పెట్టిన చాలుననిరి. పని వేసవిలో పూర్తియగుటకు ఉమ్మడిగోడలవారి సమ్మతులు ముందే కావలెను. ఉత్తరపువైపువారు వ్రాసి యిచ్చిరి. దక్షిణపువారు తమ కోడలికి పురుడు దగ్గఱపడినదని, బిడ్డ పుట్టి మూడవనెల నిండినదాక గోడమీద సుత్తి పడరాదని చెప్పిరి. అందులకు ఇంటివారును మేమును ఒప్పుకొంటిమి.